సొసైటీకి తాళం, రాష్ట్రానికి గొళ్లెం: రాజ్యాంగ సవరణ ఎంత కష్టంగా ఉండాలి?

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసేశారు. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఆ గందరగోళంలోనే ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. రెండు రోజులకు రాజ్యసభలోనూ మూజువాణి ఓటే. తుది ఆమోదంలో ఏ సభ్యుడు అవునన్నాడో, ఎవరు కాదన్నారో చెప్పే జాబితా ఈ రోజుకీ లేదు. అంతకుముందు జనవరి 30న రాష్ట్ర శాసనసభ ఆ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. దానివల్ల ఏమీ ఆగలేదు, ఆగాల్సిన పని కూడా లేదు. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం చెప్పేది అభిప్రాయం మాత్రమే.

ఇప్పుడు ఇంకో తేదీ చూడండి. 2021 జులై 20న సుప్రీంకోర్టు 97వ రాజ్యాంగ సవరణలో సహకార సంఘాల గురించి చేర్చిన భాగాన్ని రాష్ట్ర సొసైటీల వరకు చెల్లదని తేల్చింది. ఆ భాగంలో ఏముంది? పాలకవర్గంలో డైరెక్టర్లు 21 మందికి మించకూడదు, పదవీకాలం ఐదేళ్లు, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో ఆడిట్ పూర్తి కావాలి. మంచి నియమాలే. పార్లమెంటు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతోనే ఆమోదించాయి. అయితే సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ధ్రువీకరించాలి. ఆ అడుగు వేయలేదు. అమల్లోకి వచ్చిన తొమ్మిదేళ్ల తర్వాత కొట్టుకుపోయింది.

అంటే ఊరి సొసైటీలో డైరెక్టర్లు ఎంతమంది ఉండాలో రాజ్యాంగంలో రాయాలంటే సగం దేశం ఒప్పుకోవాలి. రాష్ట్రాన్ని రెండుగా చేయడానికి మాత్రం సభలో ఆ పూట ఉన్నవాళ్లలో సగానికి ఒకరు ఎక్కువైతే చాలు. రాజ్యాంగ సవరణ ఎంత కష్టంగా ఉండాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మన దృష్టి ‘మూడింట రెండొంతులు’ అనే అంకె మీదే నిలిచిపోతుంది. ఆ అంకె సరిపోతుందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఏ గదికి ఏ తాళం వేశామన్నది మొదటి ప్రశ్న, అక్కడే మన రాజ్యాంగంలో చిక్కు ఉంది.

మూడు రకాల తాళాలు

1949 సెప్టెంబరు 17న రాజ్యాంగ సభలో సవరణ నిబంధన మీద చర్చ జరిగినప్పుడు అంబేడ్కర్ దీన్ని మూడు తరగతులుగా వివరించారు. ఆ అమరికే ఇప్పటికీ నడుస్తోంది.

మొదటిది గొళ్లెం. మామూలు చట్టంలాగే సాధారణ మెజారిటీతో మారిపోయేవి. కొత్త రాష్ట్రాల ఏర్పాటు, సరిహద్దులు, పేర్లు (3, 4 అధికరణాలు), శాసన మండలి రద్దు లేదా పునరుద్ధరణ (169), ఐదో, ఆరో షెడ్యూళ్లు ఇందులోకి వస్తాయి. ‘ఇది 368 కింద సవరణగా లెక్కకు రాదు’ అని రాజ్యాంగమే వీటి గురించి చెబుతుంది. సవరణ ఎలా చేయాలో చెప్పే అధికరణమే ఈ 368.

రెండోది 368వ అధికరణం కింద పార్లమెంటు ప్రత్యేక మెజారిటీ. ప్రాథమిక హక్కులతో సహా రాజ్యాంగంలో అత్యధిక భాగం దీని కిందే ఉంది.

మూడోది రెండు తాళాలు. ప్రత్యేక మెజారిటీకి తోడు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ధ్రువీకరణ. రాష్ట్రపతి ఎన్నిక, కేంద్ర రాష్ట్రాల కార్యనిర్వాహక అధికారాల పరిధి, సుప్రీంకోర్టు, హైకోర్టులు, కేంద్ర రాష్ట్రాల మధ్య శాసనాధికారాల పంపిణీ, ఏడో షెడ్యూలు జాబితాలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, జీఎస్టీ మండలి, చివరికి 368వ అధికరణం కూడా.

ఈ అమరికలో ఒక వింత గమనించండి. జీవించే హక్కును ఇచ్చే 21వ అధికరణాన్ని మార్చాలన్నా రాష్ట్రాలను అడగనక్కర్లేదు. రాష్ట్ర అధికారాలకు రెండు తాళాలు, పౌరుడి హక్కులకు ఒకటే. ఆ ఖాళీని తర్వాత కోర్టు తన పద్ధతిలో పూడ్చింది. దాని సంగతి ఇంకాస్త కింద వస్తుంది.

లెక్క ఎలా నడుస్తుంది

ప్రత్యేక మెజారిటీ అంటే రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి. సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా అవునన్నవాళ్లు ఉండాలి. హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులకు తగ్గకూడదు. లోక్‌సభ 543 స్థానాల లెక్కన మొదటి షరతు 272, రాజ్యసభ 245 స్థానాల లెక్కన 123. ఖాళీలు ఉన్నా ఈ కింది గీత తగ్గదు. అందరూ వచ్చి ఓటేస్తే రెండో షరతు లోక్‌సభలో 362, రాజ్యసభలో 164.

అసలు మెలిక రెండో షరతులో ఉంది. తటస్థంగా ఉన్నవాళ్లు, వాకౌట్ చేసినవాళ్లు ‘ఓటేసినవాళ్లు’ కారు. 543 మందిలో 100 మంది ప్రతిపక్ష సభ్యులు నినాదాలు చేస్తూ బయటికి వెళ్లిపోతే మిగిలిన 443లో మూడింట రెండొంతులు 296. అంటే ఆ వాకౌట్ ప్రభుత్వం నెత్తిన ఉన్న బరువును 66 ఓట్ల మేర దించింది. ప్రతి ముగ్గురు గైర్హాజరుకు రెండు ఓట్ల అవసరం తగ్గుతుంది. ఓటేసేవాళ్లు 408కి పడిపోయే దాకా ఇలా తగ్గుతూనే ఉంటుంది, ఆ తర్వాత 272 దగ్గర ఆగుతుంది. సవరణ బిల్లును నిజంగా వ్యతిరేకించే పార్టీ సభలో కూర్చుని ‘కాదు’ బటన్ నొక్కాలి. వాకౌట్ నిరసనలా కనిపిస్తుంది, పనిచేసేది సగం మద్దతులా.

ఆ ఒక్క ఓటు ఎంత విలువైనదో 1970లో తేలింది. మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు రద్దు చేసే సవరణ బిల్లు లోక్‌సభలో 332-154తో నెగ్గి సెప్టెంబరు 5న రాజ్యసభకు వచ్చింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. మొత్తం 224లో మూడింట రెండొంతులు 149.33. ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు వీగిపోయింది. ప్రభుత్వం రాష్ట్రపతి ఉత్తర్వుతో అదే పని చేయబోతే సుప్రీంకోర్టు డిసెంబరులో దాన్నీ కొట్టేసింది. చివరకు ఇందిరాగాంధీ ముందస్తు ఎన్నికలకు వెళ్లి, గెలిచి వచ్చి, 1971లో 26వ సవరణగా చేయించుకున్నారు. కష్టం అంటే ఇలా ఉండాలన్నది నా అభిప్రాయం. పని ఆగిపోలేదు. జనం ముందుకు వెళ్లి తిరిగి రావాల్సి వచ్చింది, అంతే.

ఇంకో వివరం చాలామందికి తెలియదు. బిల్లు మొత్తానికే కాదు, ప్రతి క్లాజుకూ ఈ ప్రత్యేక మెజారిటీ కావాలి. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన 45వ సవరణ బిల్లులో ఐదు క్లాజులు రాజ్యసభలో వీగిపోయాయి. వాటిలో ఒకటి, రాజ్యాంగ మూలాంశాలను మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న క్లాజు. మిగిలింది 44వ సవరణ చట్టమైంది (బిల్లు వరుస సంఖ్యా, చట్టం సంఖ్యా ఒకటి కావు). సవరణ ప్రక్రియలో ఓటరుకు నేరుగా చోటిచ్చే ప్రయత్నం మన దేశంలో అంత దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

బిల్లు ప్రవేశపెట్టడానికి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల కోసం 129వ సవరణ బిల్లును లోక్‌సభలో పెట్టినప్పుడు 269-198 ఓట్లు పడ్డాయి. బిల్లు లోపలికి రావడానికి ఆ 269 చాలు. అదే 467 మందితో ఆమోదం పొందాలంటే 312 కావాలి. ఆ రోజు సాయంత్రం ‘జమిలి నెగ్గింది’ అని అనుకున్నవాళ్లకూ, ‘ఓడిపోయింది’ అని అనుకున్నవాళ్లకూ ఈ తేడా తెలిసి ఉండాల్సింది.

అంకె కాపాడని సందర్భాలు

మూడింట రెండొంతులు అనే అడ్డుగోడకు ఒక షరతు ఉంది. దేశంలో ఒకటికి మించి బలమైన పక్షాలు ఉండాలి. లేకపోతే అది గోడ కాదు, గీత.

1975 ఆగస్టు. ఎమర్జెన్సీ నడుస్తోంది, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు. ప్రధాని ఎన్నిక చెల్లదన్న అలహాబాద్ హైకోర్టు తీర్పుపై అప్పీలు 11న సుప్రీంకోర్టు ముందుకు రావాలి. ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచి తప్పించే 39వ సవరణ 7న లోక్‌సభలో, 8న రాజ్యసభలో నెగ్గింది. 9న శనివారం రాష్ట్రాల శాసనసభలను సమావేశపరిచి ధ్రువీకరించారు. 10న రాష్ట్రపతి సంతకం. రెండు తాళాలూ నాలుగు రోజుల్లో తెరుచుకున్నాయి, ఎందుకంటే రెండు తాళంచెవులూ ఒకే జేబులో ఉన్నాయి. మరుసటి ఏడాది 59 క్లాజుల 42వ సవరణ కూడా ఇలాగే నడిచింది.

అంతటి ఆధిపత్యం లేనప్పుడు కూడా ఇంకో బలహీనత ఉంది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిషేధం, రాజ్యాంగ సవరణ ఓటింగుకూ వర్తిస్తుంది. పార్టీ ఆదేశమైన విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. ఎంపీలు విడివిడిగా ఆలోచిస్తారని ఊహించి రాజ్యాంగ సభ ఈ అంకె పెట్టింది. ఇప్పుడు ఆలోచించేది పది పన్నెండు మంది పార్టీ అధ్యక్షులు. కనీసం 368 కింద జరిగే ఓటింగుకైనా విప్ నుంచి మినహాయింపు ఉండాలి. ప్రభుత్వం పడిపోయే ప్రమాదం లేని ఓటు అది.

ఆ షెడ్యూలు కూడా 97వ సవరణలాంటి తప్పే చేసింది. స్పీకర్ నిర్ణయంపై కోర్టులకు వెళ్లకూడదన్న ఏడో పేరా హైకోర్టులు, సుప్రీంకోర్టు అధికారాలను తగ్గిస్తుంది కాబట్టి రాష్ట్రాల ధ్రువీకరణ కావాలి. తీసుకోలేదు. కిహోటో హోలోహాన్ కేసులో ఆ ఒక్క పేరా పోయింది. ధ్రువీకరణ కావాలా వద్దా అన్నది బిల్లు రాసే దశలోనే తేల్చుకోకపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

కోర్టు వేసిన నాలుగో తాళం

రాసిన తాళాలు చాలవని తోచినప్పుడు న్యాయస్థానం రాయని తాళం ఒకటి వేసింది. తొలి అడుగు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుది. ఆయన ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 11 మంది ధర్మాసనం 6-5తో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని చెప్పింది. దానికి జవాబుగా పార్లమెంటు 1971లో 24వ సవరణ తెచ్చింది. ఈ పెనుగులాట 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పుతో ఒక కొలిక్కి వచ్చింది. 13 మంది న్యాయమూర్తులు 68 రోజులు విని 7-6తో తేల్చారు. పార్లమెంటు ఏ అధికరణాన్నైనా మార్చవచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. ఆ ఏడుగురిలో హైదరాబాదుకు చెందిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు.

దీని దెబ్బ మన రాష్ట్రం కోసం చేసిన సవరణ మీదా పడింది. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 32వ సవరణ ద్వారా 371డి వచ్చింది. స్థానికులకు ఉద్యోగాలు, విద్యావకాశాలతో పాటు ఉద్యోగుల వివాదాలకు పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పాటు అందులోనిదే. ఆ ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వమే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అని ఐదో క్లాజు అధికారమిచ్చింది. వివాదంలో ఓడిన పక్షమే తీర్పును కొట్టేయడమన్నమాట. పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజును చట్టబద్ధ పాలనకు విరుద్ధమని కొట్టేసింది.

ఈ తాళం అవసరమే. మినర్వా మిల్స్ తీర్పు లేకపోతే, సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించకూడదన్న 42వ సవరణ మాట ఈనాటికీ నిలిచేది. కానీ దీని ఖరీదు కూడా చెప్పుకోవాలి. న్యాయమూర్తుల నియామకాలకు కమిషన్ ఏర్పాటు చేసే 99వ సవరణ 2014లో లోక్‌సభలో 367-0తో, రాజ్యసభలో 179-0తో నెగ్గింది, 16 రాష్ట్రాలు ధ్రువీకరించాయి. 2015 అక్టోబరు 16న అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. సవరణ మంచిదా కాదా అన్నది వదిలేయండి. ప్రక్రియలోని మెట్లన్నీ ఎక్కిన తర్వాత తలుపు ఇంకొకరి చేతిలో ఉండటం మామూలు పరిస్థితి కాకూడదు. ముందరి మెట్లు పటిష్ఠంగా ఉంటే కోర్టుకు ఈ పని తక్కువగా పడుతుంది.

బయటి దేశాల నుంచి ఏం తీసుకోవచ్చు

అమెరికాలో రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 50లో 38 రాష్ట్రాలు కావాలి. 1789 నుంచి 27 సవరణలే. 27వది 1789లో ప్రతిపాదించగా 1992లో పూర్తయింది. ఆస్ట్రేలియాలో 45 ప్రతిపాదనలు ప్రజల ఓటుకు వెళితే 8 నెగ్గాయి. జపాన్ 1947 నాటి రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. మనం 2023 సెప్టెంబరు నాటికి 106 చేశాం.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టి ‘మనది చులకన’ అనడం తొందరపాటు. మన 106లో ఏడు కేవలం చట్టసభల్లో రిజర్వేషన్లను పదేళ్లకోసారి పొడిగించినవి. అమెరికా రాజ్యాంగం కొన్ని పేజీలు, మనది పరిపాలనా వివరాలన్నీ నింపుకున్న పెద్ద గ్రంథం. ఎక్కువ రాస్తే ఎక్కువ దిద్దుకోవాలి. జర్మనీ మనలాగే మూడింట రెండొంతులతో తరచూ సవరిస్తుంది, కానీ మానవ గౌరవం, సమాఖ్య వ్యవస్థ లాంటి మూలసూత్రాలను ఎంత మెజారిటీ ఉన్నా ముట్టుకోకూడదని రాజ్యాంగంలోనే రాసుకుంది. మనకు కోర్టు చెప్పాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది డెన్మార్క్ పద్ధతి. సవరణను పార్లమెంటు ఆమోదించాక ఎన్నికలు జరగాలి, కొత్త పార్లమెంటు మళ్లీ ఆమోదించాలి, ఆ తర్వాత జనం ఓటేయాలి, అనుకూల ఓట్లు మొత్తం ఓటర్లలో 40 శాతం ఉండాలి. మొత్తం తెచ్చుకోలేం. అందులోని ఒక్క గుణం కావాలి, వ్యవధి.

మన 368లో వ్యవధి గురించి ఒక్క మాట లేదు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చే 103వ సవరణ 2019 జనవరి 8న లోక్‌సభలో పెట్టారు, ఆ రోజే నెగ్గింది. 9న రాజ్యసభ. 12న రాష్ట్రపతి ఆమోదం. ఏ స్థాయీ సంఘమూ చూడలేదు. దీన్ని సమర్థించేవాళ్లు కూడా రెండు రోజుల్లో చదివి ఓటేశామని చెప్పుకోలేరు.

వ్యవధి ఏం చేస్తుందో జీఎస్టీ చూపించింది. 2011లో పెట్టిన మొదటి బిల్లు మురిగిపోయింది. రెండోది 2015 మేలో లోక్‌సభ దాటి రాజ్యసభలో ఆగింది, అక్కడ ప్రభుత్వానికి బలం లేదు. ఆ 15 నెలల్లో బిల్లు మారింది. రాష్ట్రాల మధ్య సరుకు రవాణాపై అదనంగా వేద్దామనుకున్న 1 శాతం పన్ను పోయింది. రాష్ట్రాల నష్టానికి పరిహారం ‘ఇవ్వవచ్చు’ అని ఉన్నది ఐదేళ్లపాటు ‘ఇవ్వాలి’ అయింది. 2016 ఆగస్టు 3న రాజ్యసభలో 203-0. తర్వాత నెల తిరిగేసరికి 16 రాష్ట్రాలు ధ్రువీకరించాయి. ఆలస్యం వల్ల బిల్లు బాగుపడింది, వ్యతిరేకత కరిగింది.

మళ్లీ మూడో అధికరణం దగ్గరికి

రాష్ట్రాల ఏర్పాటుకు గొళ్లెం మాత్రమే పెట్టడానికి కారణం లేకపోలేదు. 1950లో ఉన్న రాష్ట్రాలు బ్రిటిష్ పాలన, సంస్థానాలు వదిలిపోయిన ముక్కలు. వాటిని భాషల వారీగా కలిపి విడదీయాల్సిన పని ముందుంది. ప్రతిసారీ పాత రాష్ట్రం ఒప్పుకోవాలంటే 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఇంకా ఎంతకాలం పట్టేవో. పైగా, ఉమ్మడి శాసనసభలోని 294 స్థానాల్లో తెలంగాణవి 119. రాష్ట్ర సమ్మతి తప్పనిసరి అని రాసి ఉంటే 175 స్థానాల వారి చేతిలో శాశ్వత వీటో ఉండేది. విడిపోవాలనుకునే చిన్న భాగానికి ఆ నియమం అన్యాయం. కాబట్టి ‘రాష్ట్రం ఒప్పుకోవాలి’ అన్నది పరిష్కారం కాదు.

అయినా ఇప్పుడున్న ఏర్పాటులోని వంకరలు చూడండి. శాసన మండలిని రద్దు చేయాలంటే ముందు ఆ రాష్ట్ర శాసనసభ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేయాలి. ఆంధ్రప్రదేశ్ మండలి 1985లో రద్దయి 2007లో తిరిగొచ్చింది. 2020 జనవరిలో మళ్లీ రద్దు తీర్మానం చేసి 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు, ప్రతిసారీ చొరవ రాష్ట్రానిదే. రాష్ట్రంలోని పై సభకు ఉన్న రక్షణ రాష్ట్రానికే లేదు. దేశం నుంచి ఒక చెక్క భూమి వేరే దేశానికి ఇవ్వాలంటే 368 కింద సవరణ కావాలని 1960లో, పాకిస్థాన్‌కు ఇవ్వాలనుకున్న పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారి విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 జులైలో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలకు సంబంధించిన ప్రాంతాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారినప్పుడు మామూలు చట్టం సరిపోయింది. 2019లో జమ్మూ కశ్మీర్ రెండు కేంద్రపాలిత ప్రాంతాలైనప్పుడు అక్కడ శాసనసభే లేదు. అభిప్రాయం చెప్పే పని కూడా పార్లమెంటే చేసింది.

మూడో అధికరణాన్ని రెండో రకం తాళం కిందికి తేవడమే సరైన పని. 2014లో అలా ఉండి ఉంటే తెలంగాణ ఆగేదా? కాంగ్రెస్, బీజేపీ రెండూ మద్దతిచ్చిన బిల్లుకు మూడింట రెండొంతులు అందని అంకె కాదు. తేడా ఎక్కడ వచ్చేదంటే, ప్రత్యేక మెజారిటీ ఓటింగు మూజువాణితో జరగదు. డివిజన్, అంటే ఓట్లను లెక్కపెట్టే పద్ధతి, తప్పనిసరి. తలుపులు తెరిచి, సభను సర్ది, ప్రతి సభ్యుడి ఓటూ పేరుతో సహా రికార్డు చేయాల్సి వచ్చేది. విభజన కోరుకున్నవాళ్లకు తిరుగులేని అంకె దక్కేది. వద్దన్నవాళ్లకు తమ ఎంపీ ఎటు ఓటేశాడో తెలిసేది.

దక్షిణాది వాళ్లం ఇంకో లెక్క దగ్గర పెట్టుకోవాలి. పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం రెండు తాళాల అంశం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. 28 రాష్ట్రాల్లో 14 ఒప్పుకుంటే ధ్రువీకరణ పూర్తి. ఆపాలంటే 15 నిరాకరించాలి, దక్షిణాన ఉన్నవి ఐదు. లోక్‌సభలో అందరూ ఓటేసినప్పుడు సవరణను అడ్డుకోవడానికి 182 మంది కావాలి, ఆ ఐదు రాష్ట్రాల ఎంపీలు 129. రాజ్యసభలో 82 కావాలి, ఉన్నది 57. పార్టీలకు అతీతంగా అందరూ ఒక్కటైనా మిగతా ప్రాంతాల నుంచి తోడు లేకుండా ఏ తాళమూ నిలవదు.

ఇవి మార్చడానికి ఏం కావాలో కూడా తెలుసుకోవాలి. 368లో ఏం మార్చాలన్నా సగం రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ధ్రువీకరణకు గడువు ఎంత, ఒకసారి ఇచ్చిన ధ్రువీకరణను రాష్ట్రం వెనక్కి తీసుకోవచ్చా అన్న విషయాల్లో ఆ అధికరణం మౌనంగా ఉంది, వాటిని రాయాలన్నా ఇదే దారి. మూడో అధికరణానికి మాత్రం పార్లమెంటు ప్రత్యేక మెజారిటీ చాలు. రాష్ట్రాల అభిప్రాయం గడువులోగా అడగాలన్న ఇప్పటి నిబంధన 1955లో ఐదో సవరణతో అలాగే వచ్చింది. సవరణ బిల్లు ప్రతిదీ సెలెక్ట్ కమిటీకి వెళ్లాలి, ప్రవేశానికీ ఓటింగుకూ మధ్య కనీసం 60 రోజులు ఉండాలి అన్న నియమానికైతే రాజ్యాంగాన్ని తాకనక్కర్లేదు. ఉభయ సభలూ తమ కార్యవిధాన నియమాల్లో చెరొక పేరా చేర్చుకోవాలి. నియమాలను పక్కన పెట్టే అధికారం సభకు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, సవరణ బిల్లుల విషయంలో అలా పక్కన పెట్టాలన్నా డివిజన్ జరగాలని ఆ పేరాలోనే రాయాలి.